వంగడం వెనక మనిషేడి?

(రామచంద్రపురంలో రైతులు, విద్యార్థులు, ఉద్యోగులు కలిసి పెట్టుకున్న సభలో, వ్యవసాయ విశ్వవిద్యాలయంలో క్షేత్ర సహాయకుడిగా పనిచేసి రిటైరైన ఒక తెలంగాణ ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)

 

నేనిక్కడికి బయలుదేరుతుంటే మా ఊళ్లో ఒకాయన నవ్విండు. "గోదావరి జిల్లాకు పోయి నీళ్ల ముచ్చట చెప్తవా?" అన్నడు. నీళ్ల సంగతి మీకు చెప్పేంత వాణ్ని కాను. ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనే పూర్తయింది. అప్పటికి మా తాతల తాతలు చెరువు మత్తడి దుంకుతదా లేదా అని మొగులు దిక్కు చూస్తున్నారు. ఆ తేడా మీద మేం ఎన్ని సభలు పెట్టామో, ఎన్ని పాటలు పాడామో మీకు తెలుసు. నీళ్లు, నిధులు, నియామకాలు అన్నాం. ఇవాళ నీళ్లను పక్కన పెడతాను. మిగతా రెండింటి గురించే మాట్లాడతాను. అయితే సెక్రటేరియట్ నియామకాల గురించి కాదు, వరి పరిశోధనా కేంద్రంలో బురద మడిలో దిగే మనిషి నియామకం గురించి.

మీరు సార్వా, దాళ్వా అంటారు. మేం వానకాలం, యాసంగి అంటాం. మీరు ఊడ్పులంటారు, మేం నాట్లంటాం. మాట వేరు, పొలంలో ఉన్న గింజ మాత్రం ఒకటే. 2000లో మార్టేరు నుంచి ఎంటీయూ 1010 విడుదలైంది. దానికి మీవాళ్లు కాటన్ దొర సన్నాలు అని పేరు పెట్టారు. మా దగ్గర యాసంగిలో ఏ ఊరికి పోయినా "ఏం ఏసినవ్?" అంటే "వెయ్యి పది" అనేవాళ్లు. ఉద్యమం ఉరకలెత్తుతున్న రోజుల్లో, కాటన్ దొర పేరు వింటేనే మాకు ఒళ్లు మండే రోజుల్లో, ఆయన పేరున్న వడ్లే మా కల్లాల్లో రాసులు పోసి ఉన్నాయి. ఈ సంగతి నేను మా సభల్లో చెబితే కొందరు మిత్రులకు నచ్చేది కాదు. నచ్చకపోయినా నిజం.

ఎందుకు చెబుతున్నానంటే, విత్తనానికి జిల్లా సరిహద్దు లేదు. అది పుట్టిన చోటు నుంచి ఎక్కడికైనా పోతుంది. అందుకే, దాన్ని పుట్టించే ఖర్చు మాది కాదని ప్రతి ప్రభుత్వమూ పక్కవాడి వైపు చూస్తుంది. ఈ గొడవంతా అక్కడే మొదలవుతుంది.

మార్టేరు ఇక్కడికి ఎంతో దూరం లేదు, గోదావరి దాటితే ఆ గట్టు మీదే. 1925లో పెట్టిన కేంద్రం, వందేళ్లు నిండాయి. అక్కణ్నుంచి 1982లో ఎంటీయూ 7029 వచ్చింది. స్వర్ణ అంటారు. మీ నాన్నలు పండించారు, మీరు పండించారు. ఒడిశాలో, బెంగాల్లో, ఛత్తీస్‌గఢ్‌లో, బంగ్లాదేశ్‌లో కోట్ల మంది ఆ అన్నం తిన్నారు. పెన్నీ ఖర్చు లేకుండా ఆ రైతులకు అందింది. రాయల్టీ అని మార్టేరు ఎవరినీ అడగలేదు. దాళ్వాలో మీరు వేసే బొండాలున్నాయి చూశారూ, ఎంటీయూ 3626, కేరళ వాళ్ల ఉప్పుడు బియ్యానికి పోయేది, అదీ అక్కడి బిడ్డే.

స్వర్ణ తల్లిదండ్రులెవరు? ఒకటి వశిష్ట, రెండోది మసూరి. మసూరి ఎక్కడిది? అది మలేషియా పేరు. 1950లలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ డబ్బు పెట్టి, జపాన్ వరినీ మన వైపు వరినీ కలిపే పథకం ఒకటి కటక్‌లో నడిపింది. అక్కడ కలిపిన గింజ మలయా పోయింది, అక్కడి శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి ఏరి 1965లో మసూరిగా విడుదల చేశారు. అది తిరిగి మన దగ్గరికొచ్చి స్వర్ణకు తల్లయింది, బాపట్లలో పుట్టిన సాంబ మసూరికీ తల్లయింది. దీంట్లో ఒక్క కంపెనీ లేదు. తైపీ నుంచి తణుకు దాకా అంతా సర్కారు జీతం తీసుకున్న మనుషులే.

సాంబ మసూరి, అదే బీపీటీ 5204, 1986లో వచ్చింది. దాని వంశంలో ఇంకొకటుంది, జీఈబీ 24. ఈ పేరుకు అర్థమేమిటో ఉద్యోగ మిత్రులు వినాలి. కోయంబత్తూరులో 1921లో విడుదలైన రకం అది. జీఈబీ అంటే గవర్నమెంట్ ఎకనామిక్ బోటనిస్ట్. అది వంగడం పేరు కాదు, ఒక పోస్టు పేరు! మద్రాసు సర్కారు మంజూరు చేసిన ఒక కుర్చీ పేరు. తెల్లవాడు మనల్ని దోచుకుపోయినవాడే, అందులో సందేహం లేదు, కానీ ఆ కుర్చీలో ఒక మనిషిని కూర్చోబెట్టాడు, కూర్చోబెట్టి మడిలోకి పంపాడు. ఇవాళ హైదరాబాద్‌లో పెళ్లి విందులో వడ్డించే సన్నన్నంలో నూరేళ్ల నాటి ఆ పోస్టు ఉంది. అది ఖాళీగా ఉండి ఉంటే?

ఇక నా సంగతి. నేను పదో తరగతి తప్పి ఒక పరిశోధనా కేంద్రంలో ఎన్‌ఎమ్మార్ కూలీగా చేరాను. ఏ కేంద్రమో చెప్పను, ఇప్పుడక్కడ పనిచేస్తున్నవాళ్ల తప్పు కాదు కాబట్టి. 1994లో రెండో నంబరు చట్టం వచ్చింది, దినకూలీ నియామకాలకు తాళం వేసింది. అదే ఏడాది జీవో 212 వచ్చింది. 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్లు నిండినవాళ్లను పర్మినెంట్ చేస్తామంది. నాకు నిండాయి. నా పక్కన పనిచేసినవాడికి కొద్ది నెలలు తక్కువ. నేను పింఛను తీసుకుంటున్నాను, అతను చివరిదాకా రోజు కూలీగానే పోయాడు. ఇద్దరం ఒకే మడిలో, ఒకే కర్రతో వరసలు కొలిచినవాళ్లం.

వరిలో సంకరం ఎలా చేస్తారో ఇక్కడున్న విద్యార్థుల్లో అగ్రికల్చర్ చదివేవాళ్లకు తెలుసు. మిగతావాళ్ల కోసం చెబుతాను. వరి పువ్వు చిన్నది, అందులోనే ఆడా మగా. ఒక్కో పువ్వులో ఆరు పుప్పొడి తిత్తులుంటాయి. తల్లిగా ఎంచుకున్న మొక్కలో, పువ్వు విచ్చకముందే, సాయంత్రమో తెల్లవారుజామునో, ఆ ఆరింటినీ చిమటాతో తీసేయాలి. ఒక్కటి మిగిలినా అది తనకు తానే గింజ కట్టుకుంటుంది, మన కష్టం వృథా. తీశాక బటర్ పేపర్ సంచి తొడగాలి. మర్నాడు తొమ్మిది, పదకొండు గంటల మధ్య పువ్వులు విచ్చే వేళకు తండ్రి మొక్క వెన్ను తెచ్చి పైన దులపాలి. ఆ రెండు గంటలు దాటితే పుప్పొడి చచ్చిపోతుంది. మీటింగుందనో, బయోమెట్రిక్ పనిచేయలేదనో పువ్వు ఆగదు.

అలా వచ్చిన గుప్పెడు గింజల్ని నాటాలి. రెండో తరంలో వేల మొక్కలు వేల రూపాలుగా వస్తాయి. వాటి మధ్య నడుస్తూ ఏరాలి. ఇది పడిపోతుంది, వద్దు. దీనికి దోమపోటు, వద్దు. ఇది బాగుంది, వెన్ను బరువుగా ఉంది, గుర్తు కట్టు. అలా ఆరేడు తరాలు. తర్వాత కేంద్రంలో దిగుబడి పరీక్ష, ఆ తర్వాత వేరే కేంద్రాల్లో, ఆపైన మూడేళ్లు రైతు పొలాల్లో మినీకిట్లు, తర్వాత కమిటీ, గెజిట్. పది పన్నెండేళ్లు పడుతుంది. మధ్యలో ఒక్క సీజను తెగినా దారం తెగినట్టే.

మా కేంద్రంలో తెగింది. మా వరి శాస్త్రవేత్త ఒక నెల 31న రిటైరయ్యాడు. శాలువా కప్పాం, ఫొటో దిగాం. 1వ తారీఖున ఆ గదికి తాళం పడింది. వేరే కేంద్రం నుంచి ఇన్‌చార్జి అని ఒకాయనను వేశారు. మంచివాడే, నెలకు రెండుసార్లు వచ్చేవాడు. ఆయనకప్పటికే మూడు కుర్చీలు. నాలుగో తరం గింజలు, కాగితం పొట్లాల్లో, ఒక్కో పొట్లం మీద పెద్దాయన చేతిరాతతో నంబర్లు. ఆ వానకాలం నాటలేదు. కూలీలకు డబ్బు రాలేదు, ఏ పొట్లం ఎక్కడ నాటాలో నాకు తెలుసుగాని సంతకం పెట్టేవాళ్లు లేరు. గోదాములో తేమ, పైగా ఎలుకలు. ఏడాదిన్నర తర్వాత కొత్తమ్మాయి కాంట్రాక్టు మీద వచ్చింది, తెలివైన పిల్ల. పొట్లాలు విప్పి మొలక పరీక్ష పెట్టింది. నూటికి పది కూడా మొలవలేదు. ఆ ట్రేల ముందు నిలబడి ఆ పిల్ల నన్నడిగింది, "బాబాయ్, ఇవి ఎన్నేళ్ల పని?" అని. ఆరేళ్లమ్మా అన్నాను. పదకొండు నెలలకు ఆమె కాంట్రాక్టు కూడా అయిపోయింది. ఇప్పుడు బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసరు.

ఈ నష్టం ఏ ఆడిట్‌లోనూ రాదు. జీపు పోతే విచారణ, టైపు మిషన్ పోతే రికవరీ. ఆరేళ్ల గింజలు పోతే మెమో కూడా రాలేదు. వచ్చుంటే సంతోషించేవాణ్ని, పోయిందని ఎవరికో తెలిసినట్టు ఉండేది.

కొత్త వంగడం సంగతి సరే, ఉన్నదాన్ని నిలబెట్టడం ఇంకో పని. స్వర్ణ నలభై ఏళ్లు స్వర్ణగానే ఎలా ఉంది? ప్రతి ఏడూ మార్టేరులో వెన్ను వెన్నును విడివిడిగా వరసల్లో వేసి, తేడాగా కనిపించినదాన్ని పీకేసి, శుద్ధమైన మూల గింజ తీసేవాళ్లు ఉన్నారు కాబట్టి. అందులోంచి బ్రీడర్ విత్తనం, దాంట్లోంచి ఫౌండేషన్, దాంట్లోంచి మీ బస్తాలోకొచ్చే సర్టిఫైడ్ విత్తనం. పై మెట్టులో ఒక మనిషి తగ్గితే కింద లక్ష బస్తాల్లో కల్తీ. మీరు దుకాణం వాణ్ని తిడతారు.

ఇంకొకటి, పురుగు మన కోసం ఆగదు. సుడిదోమను తట్టుకునే రకం తెస్తే దోమ కొన్నాళ్లకు మారుతుంది. మా వరంగల్ వైపు ఉల్లికోడుతో అదే గొడవ. తట్టుకున్న రకం కొన్నేళ్లకు లొంగిపోయేది, మళ్లీ కొత్తది వెతకాలి. అంటే పరిశోధన ఒకసారి కట్టి వదిలేసే బ్రిడ్జి కాదు, ఏటేటా పూడిక తీయాల్సిన కాలువ. మీ మురుగు కాలువల్లో గుర్రపుడెక్క తీయకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. దేశమంతా నివ్వెరపోయింది, అన్నపూర్ణ అనే చోట రైతు నాగలి దింపడమేమిటని. గిట్టుబాటు లేదు, కూలి ఖర్చు పెరిగింది, మురుగు దిగదు. ఇందులో గిట్టుబాటు ధర ఢిల్లీలో తేలాలి. కానీ ఎన్ని రోజులు మునిగినా బతికే రకం, పడిపోని రకం, తక్కువ కూలీతో వెదజల్లి పండించే పద్ధతి, ఇవి ఇక్కడే, మీ నేలలోనే తేలాలి.

మునక సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. ఒడిశా నాటు వరి నుంచి ఏరిన ఎఫ్‌ఆర్ 13ఎ అని పాత రకం ఉంది, దిగుబడి తక్కువ గాని నీళ్లలో రెండు వారాలు మునిగినా చావదు. అందులో ఆ గుణమిచ్చే జన్యువును పట్టుకుని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ మన స్వర్ణలోకి ఎక్కించింది. స్వర్ణ సబ్-1 పేరుతో 2009లో మన దేశంలో విడుదలైంది. మార్టేరు గింజకు కటక్ నాటు గింజ గుణం కలిపి మనీలా దగ్గర తయారైంది. మళ్లీ అడుగుతున్నాను, ఏ కంపెనీ చేసింది ఇది? చేయదు. ఎందుకంటే వరి రైతు ఒకసారి కొని, నచ్చితే దాచుకుని, పక్కింటివాడికి బస్తా మారకానికిస్తాడు. అందులో కంపెనీకి లాభమేముంది? చివరి భూముల్లో చౌడు తట్టుకునే వరి కోసం ఏ షేర్ మార్కెట్టూ డబ్బు పెట్టదు.

లాభమున్న చోటికి వాళ్లు ఎలా వచ్చారో పత్తిలో చూశాం. నంద్యాల నుంచి నరసింహ అనే సర్కారు రకం వచ్చిందని పాత రైతులకు గుర్తుండాలి. రైతు దాచుకుని మళ్లీ వేసుకోగల విత్తనం. 1997-98లో మా వరంగల్‌లో పురుగు ముంచెత్తింది, మందులు కొట్టి కొట్టి, ఆ మందే తాగి రైతులు చచ్చిపోయారు. ఆ శవాల మధ్య నుంచే మాలో చాలామంది ఉద్యమంలోకొచ్చాం. 2002లో బీటీ పత్తికి అనుమతిచ్చారు. 450 గ్రాముల ప్యాకెట్ పదహారు, పద్దెనిమిది వందలు. అందులో పెద్ద ముక్క రాయల్టీ. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎమ్మార్టీపీ కమిషన్‌కు పోయి పోట్లాడితే 750కి దిగింది. మంచిదే. కానీ పోట్లాట ధర మీదే జరిగింది. మన పరిశోధనా కేంద్రాల నుంచి అంతే బలమైన సర్కారు విత్తనం ఎందుకు రాలేదు, రావాలంటే ఎంత మంది కావాలి, ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఇవాళ పత్తి రైతు ప్రతి ఏడూ ప్యాకెట్ కొనాలి. వరి రైతు ఇంకా ఆ గతికి రాలేదంటే కారణం మార్టేరు, బాపట్ల, జగిత్యాల, వరంగల్ లాంటి నాలుగు కేంద్రాలు.

నిధుల లెక్క కూడా క్లుప్తంగా చెప్పుకుందాం. వ్యవసాయం నుంచి వచ్చే స్థూల ఉత్పత్తి విలువలో కనీసం నూటికి ఒక రూపాయి పరిశోధన మీద పెట్టాలని ప్రపంచమంతా ఒప్పుకున్న మాట. మన దేశం పెడుతున్నది ముప్పై, నలభై పైసల దగ్గరే తచ్చాడుతోంది. బ్రెజిల్ రూపాయి దాటింది. ఆ దేశం 1973లో ఎంబ్రాపా అని ఒక సంస్థ పెట్టి, మొదట చేసిన పని బిల్డింగులు కాదు, వెయ్యి మందికి పైగా కుర్రవాళ్లను పై చదువులకు పంపింది. వాళ్లు తిరిగొచ్చి, పనికిరాదన్న ఎర్ర ఆమ్ల నేలల్లో సున్నం వేసి, వేడిని తట్టుకునే సోయా తయారుచేశారు. ఇవాళ ప్రపంచ సోయా మార్కెట్‌లో ఎవరున్నారో చూడండి.

ఆఫ్రికాలో రెండో కథ. 1980లలో, 90లలో సర్దుబాటు కార్యక్రమమని ప్రపంచబ్యాంకు షరతులు పెట్టింది, ప్రభుత్వాలు నియామకాలు ఆపేశాయి. ఇరవై ఏళ్ల తర్వాత చూసుకుంటే పీహెచ్‌డీ ఉన్న శాస్త్రవేత్తల్లో సగానికి పైగా యాభై దాటినవాళ్లు, అనేక దేశాల్లో. మధ్యతరం లేదు. పెద్దవాడు రిటైరైతే పక్కన నేర్చుకున్నవాడు లేడు. తర్వాత డబ్బిస్తామన్నా పని చేసే మనిషి దొరకలేదు.

మన దగ్గర అదే బ్యాంకు రెండు చేతులతో వచ్చింది. ఒక చేత్తో 1979లో జాతీయ వ్యవసాయ పరిశోధన ప్రాజెక్టుకు అప్పిచ్చింది, ప్రాంతీయ పరిశోధనా కేంద్రాలు చాలావరకు దాంతో బలపడ్డాయి, అది కాదనను. 1998లో ఇంకో ప్రాజెక్టు. రెండో చేత్తో, అదే రోజుల్లో, రాష్ట్రాలకు సంస్కరణల అప్పులిస్తూ సిబ్బందిని తగ్గించమంది. మన పాలకులు విజన్ 2020 రాసుకున్నారు, వ్యవసాయం మీద బతికేవాళ్లను తగ్గిస్తామని అందులో గర్వంగా చెప్పుకున్నారు. ప్రాజెక్టు డబ్బుతో మైక్రోస్కోపు వచ్చింది. దాన్ని చూసే మనిషి రిటైరయ్యాడు. మైక్రోస్కోపుకు గుడ్డ కప్పాం.

ఢిల్లీలోనూ అంతే. భారత వ్యవసాయ పరిశోధనా మండలిలో మంజూరైన శాస్త్రవేత్తల పోస్టులు ఆరున్నర వేలకు అటూ ఇటూ. అందులో దాదాపు అయిదో వంతు ఏళ్లకేళ్లు ఖాళీగా నడిచాయని పార్లమెంటు స్థాయీ సంఘాలే చెబుతూ వచ్చాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల సంగతి అంతకంటే అన్యాయం. వచ్చిన గ్రాంటులో సింహభాగం జీతాలకూ పింఛన్లకూ పోతుంది. నా పింఛనూ అందులోదే, దాన్ని వదులుకోనండి! (నవ్వులు) కానీ డీజిలుకు, ఎరువుకు, కూలీలకు మిగిలేది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

దీనికి జవాబుగా ప్రభుత్వాలు ఒకటి చూపిస్తాయి. ఊరూరా మనిషిని పెట్టామంటాయి. నిజమే. ఆంధ్రలో 2019లో గ్రామ వ్యవసాయ సహాయకులను తీసుకున్నారు, 2020లో పదివేలకు పైగా రైతు భరోసా కేంద్రాలు తెరిచారు, 2024లో వాటి పేరు రైతు సేవా కేంద్రాలయింది. మా దగ్గర వ్యవసాయ విస్తరణాధికారులు, రైతు వేదికలు. పిల్లలకు ఉద్యోగాలొచ్చాయి, సంతోషం. వాళ్లెంత కష్టపడుతున్నారో నాకు తెలుసు, సగం రోజు ఫోన్‌లో ఈ-క్రాప్ ఫొటోలతోనే పోతుంది. కానీ నా ప్రశ్న వేరే. ఆ పిల్లవాడు రైతుకు ఏం చెప్పాలి? చెప్పే సంగతి ఎక్కడ తయారవుతుంది? పోస్ట్‌మన్లను పెంచి ఉత్తరాలు రాసేవాణ్ని తీసేస్తే సంచిలో ఏముంటుంది?

అంబాజీపేట సంగతి చూడండి, మీ పక్కనే. కొబ్బరి మీద సర్పిలాకార తెల్లదోమ వచ్చి ఆకులన్నీ నల్లగా మసి పట్టినప్పుడు, అక్కడి ఉద్యాన పరిశోధనా కేంద్రంవాళ్లు ఇసారియా అనే శిలీంద్రాన్ని పెంచి, రైతులు సొంతంగా పెంచుకునేట్టు నేర్పారు. నలభై అడుగుల చెట్టుకు విషం కొట్టే పని తప్పింది. ఆ కేంద్రంలో పురుగుల శాస్త్రవేత్త, ల్యాబ్ ఉండబట్టి గదా. ఆ పోస్టు ఆ ఏడాది ఖాళీ అయి ఉంటే మందుల కంపెనీ డీలరే శాస్త్రవేత్త అయ్యేవాడు.

ఒక చిన్న లెక్క వేద్దాం, కాగితం అక్కర్లేదు. గోదావరి డెల్టా ఆయకట్టు పది లక్షల ఎకరాలు. ఒక కొత్త రకం ఎకరానికి ఒక్క బస్తా, 75 కిలోల బస్తా, ఎక్కువిచ్చిందనుకోండి. 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, అంటే బస్తా సుమారు 1,777. పది లక్షల ఎకరాలకు, ఒక్క పంటకు, 177 కోట్లు. ఏటేటా. రకం నిలిచినన్నాళ్లు. ఇప్పుడు ఆ రకం కోసం పన్నెండేళ్లు పనిచేసే అయిదుగురు శాస్త్రవేత్తలు, పాతిక మంది క్షేత్ర సిబ్బంది జీతం మీరే లెక్కేయండి. ఆ 177 కోట్ల ముందు అది చిన్న మొత్తమే. 2000లో వాషింగ్టన్‌లోని ఆహార విధాన పరిశోధనా సంస్థ దాదాపు మూడు వందల అధ్యయనాలు కలిపి చూస్తే ఈ పెట్టుబడి మీద రాబడి ఏడాదికి నలభై శాతం పైనే తేలింది. అంత వడ్డీ వచ్చే చీటీ మీ రామచంద్రపురంలో ఎవరైనా వేస్తున్నారా? వేస్తుంటే పారిపోయేవాడే అయి ఉంటాడు. ఇది మాత్రం వందేళ్లుగా పారిపోలేదు.

మరెందుకు పెట్టరు? పన్నెండేళ్ల పనికి అయిదేళ్ల ప్రభుత్వం ఎందుకు పెడుతుంది? విడుదలయ్యే నాటికి రిబ్బను కత్తిరించేది ఇంకొకరు.

ఇక్కడ మా గురించి కూడా నిజం చెప్పాలి. రాష్ట్రం వచ్చింది. 2014లో పాత రంగా విశ్వవిద్యాలయం రెండయింది. రాజేంద్రనగర్‌లోది ప్రొఫెసర్ జయశంకర్ సార్ పేరు మీద మాకు, గుంటూరు లాం కేంద్రంగా మీకు. విభజన చట్టం పదమూడో షెడ్యూల్లో ఆంధ్రకు వ్యవసాయ విశ్వవిద్యాలయం, తెలంగాణకు ఉద్యాన విశ్వవిద్యాలయం రాశారు. మావాళ్లు తెలంగాణ సోనా తెచ్చారు, కూనారం సన్నాలు తెచ్చారు, గర్వపడ్డాం. కానీ నియామకాల కోసం ప్రాణాలిచ్చిన గడ్డ మీద, జయశంకర్ సార్ పేరున్న చోటే, కుర్చీలు ఖాళీగా ఉంటే నాకు సిగ్గనిపించింది. ఎవరిని తిట్టాలి? అప్పుడు ఆంధ్ర పాలకులనేవాళ్లం. ఇప్పుడు పాలకులు మనవాళ్లే. మీ వైపు చూస్తే, పెద్ద జాతీయ సంస్థలన్నీ, వరి, నూనెగింజలు, మెట్టసాగు, చిరుధాన్యాలు, హైదరాబాద్ చుట్టూనే ఉండిపోయాయి. మీకు రాజమండ్రి పొగాకు సంస్థ, పెదవేగి ఆయిల్‌పామ్ సంస్థ దక్కాయి. ఆ లోటు నిజం, దాని మీద మీరు కొట్లాడటం న్యాయం. ఆ కొట్లాటలో అనంతపురాన్ని మరవొద్దు. అక్కడ వేరుశనగ రైతు 1940 నాటి టీఎంవీ 2 రకాన్నే అరవై ఏళ్లు వేశాడు. కదిరి కేంద్రం నుంచి కె6 వచ్చేదాకా చెప్పుకోదగ్గ మార్పు లేదు. నీళ్లున్న పంటకు నూరేళ్ల క్రితం కేంద్రం, నీళ్లు లేని పంటకు ఎప్పుడో. మాకు మీతో ఉన్న పేచీయే సీమకు మీతో ఉండొచ్చు.

ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు 1967లో ఐఆర్ 8 వేసి చూపించారు. ఆయన పేరు మనీలా దాకా పోయింది. అప్పటికి పశ్చిమ గోదావరిలో ప్యాకేజీ పథకం నడుస్తోంది, దేశంలో మొదట ఎంచుకున్న ఏడు జిల్లాల్లో అదొకటి. గొప్ప రైతు, అనుమానం లేదు. కానీ ఆ రైతు పక్కన మార్టేరు ఉంది, ఎరువుల డిపో ఉంది, మట్టి పరీక్ష చేసేవాడున్నాడు. పత్రికలు రైతు ఫొటో వేశాయి, అది న్యాయమే. మట్టి పరీక్ష చేసినవాడి ఫొటో ఎవరూ వేయలేదు, కాబట్టి వాడి పోస్టు రద్దయినప్పుడు ఎవరికీ తెలియలేదు.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. శాస్త్రవేత్త రిటైరయ్యే ఏడాది ముందే ఆ స్థానంలోకి వచ్చేవాణ్ని తీసుకోండి, ఒక సార్వా, ఒక దాళ్వా ఇద్దరూ కలిసి మడిలో నడవనివ్వండి. క్షేత్ర సిబ్బందిని పదకొండు నెలల కాంట్రాక్టుతో తిప్పొద్దు, సమాన పనికి సమాన వేతనమని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది, అది మడిలోకి కూడా దిగాలి. కూలీల డబ్బు నాట్ల ముందు రావాలి, మార్చి 31న కాదు. విద్యార్థి మిత్రులారా, గ్రూప్స్ కోచింగ్‌తో పాటు ఈ ఖాళీల జాబితా కూడా అడగండి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది, పది రూపాయల ఖర్చు. ఫలానా కేంద్రంలో మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని, ఏ పోస్టు ఏ తేదీ నుంచి ఖాళీ, ఆ తేదీన నడుస్తున్న ప్రయోగాలేవి, ఇప్పుడు వాటి గతి ఏమిటి? ఆ ఆఖరి ప్రశ్న తప్పకుండా రాయండి. దానికి ఇప్పటిదాకా ఎవరూ జవాబు అడగలేదు.

దరఖాస్తు నమూనా అక్కడ బల్ల మీద పెట్టారు, తెలుగులోనే ఉంది. మార్టేరుకు ఒకటి, అంబాజీపేటకు ఒకటి. మా ఇద్దరు కుర్రాళ్లు జగిత్యాల, వరంగల్‌కు రాస్తున్నారు. జవాబులు వచ్చాక నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. నా బండికి ఇంకా గంటుంది. ముందు వరసలో పెద్దాయన బొండాల గురించి ఏదో అడగాలని అప్పట్నుంచీ చెయ్యెత్తుతున్నారు, అడగండి బాబుగారూ.